"చెవి కారుతుందండి" అన్న పేషెంట్‌ని మొదట్నించి చివరిదాకా ఎలా చూడాలి: ఇఎన్‌టి పోస్టింగ్‌కి వెళ్ళే మెడికోలకి

కాకినాడ జిజిహెచ్‌లో అయినా, అమలాపురం కిమ్స్‌లో అయినా, 2023లో మొదలైన రాజమండ్రి, ఏలూరు గవర్నమెంటు కాలేజీల్లో అయినా ఇఎన్‌టి ఓపీలో ఎక్కువగా వినబడే మాటల్లో ఒకటి ఇదే, "ఆయ్, చెవి కారుతుందండి". ఎగ్జామ్‌లో లాంగ్ కేసు కింద కూడా మీకు చీము చెవే పడే ఛాన్స్ ఎక్కువ. ఈ ఒక్క కేసు శుభ్రంగా చూడటం వస్తే టెంపోరల్ బోన్ అనాటమీ, ముక్కు, గొంతు, ఫేషియల్ నర్వ్, బ్యాలెన్స్ అన్నీ దాని వెనకాలే వచ్చేస్తాయి, అందుకే చాప్టర్ల వారీగా బట్టీ పట్టే బదులు ఈ ఒక్క పేషెంట్‌ని పట్టుకుని వెళ్దాం.

ఒకటి మాత్రం ముందే చెప్తాను. మీ ఎగ్జామినేషన్ మొత్తం ఒకే ప్రశ్నకి ఆన్సర్ కోసం, ఈ చెవి సేఫా అన్‌సేఫా? అంటే మధ్య చెవి లోపలి పొర వరకే ఉన్న మ్యూకోసల్ రకమా (సేఫ్), ఎముకని తినే చర్మపు ముద్ద, అంటే కొలెస్టియటోమా, ఉన్న స్క్వామోసల్ రకమా (అన్‌సేఫ్)? మిగతాదంతా దీని తర్వాతే.

ముందు కూర్చోబెట్టి అడగండి

టార్చి తీసి చెవిలోకి దూరిపోకండి. కారేదాని గురించి అడగండి, ఎంత కారుద్ది, ఎలా ఉంటుంది, వాసన వస్తుందా, రక్తం పడుతుందా. "వాసన వస్తుందా" అంటే చాలామంది సిగ్గుపడి లేదంటారు, అదే "పక్కన పడుకునేవాళ్ళు ఎప్పుడైనా వాసనొస్తుంది అన్నారాండి" అని అడిగితే నిజం బయటికొస్తుంది. సాగే జిగురులా, ఎక్కువగా, వాసన లేకుండా, పడిశం పట్టినప్పుడల్లా లేదా తలస్నానం చేసినప్పుడల్లా కారి మళ్ళీ ఎండిపోతుంటే మ్యూకోసల్ వైపు. కొంచెమే కారుతూ, దిండుకి మరక అంటేంత మాత్రమే ఉండి, కుళ్ళిన వాసనతో, అప్పుడప్పుడు రక్తం చారతో, ఎన్ని చుక్కలు వేసినా ఆగకుండా ఉంటే స్క్వామోసల్ వైపు. పేషెంట్ లెక్కలో కొంచెం కారేది చిన్న జబ్బు, ఎక్కువ కారేది పెద్ద జబ్బు, మనకి మాత్రం చాలాసార్లు ఉల్టా.

ఇక్కడ వైవాలో తప్పకుండా అడిగే పాయింట్ ఒకటుంది. బయటి చెవి కాలవలో మ్యూకస్ గ్లాండ్స్ లేవు. కాబట్టి జిగురు సాగుతూ కారిందంటే అది మధ్య చెవి నుంచే వచ్చింది, అంటే కర్ణభేరికి చిల్లు ఉన్నట్టే, మీరింకా చూడకపోయినా సరే. నీళ్ళలా కారి దురద, నొప్పి ఉంటే బయటి చెవి గురించి ఆలోచించండి.

ఎన్నాళ్ళ నుంచి అన్నది కూడా ముఖ్యం. క్రానిక్ అనడానికి డబ్ల్యూహెచ్ఓ లెక్కలో 2 వారాలు చాలు, ఇఎన్‌టి వాళ్ళు ఎక్కువమంది 3 నెలలు అంటారు, రెండూ చెప్పేస్తే ఎగ్జామినర్‌కి గొడవే ఉండదు. తర్వాత వినికిడి, చెవిలో హోరు, కళ్ళు తిరగడం, తలనొప్పి, జ్వరం, మూతి వంకర పోవడం, ఇవన్నీ ఒక్కొక్కటి విడివిడిగా అడగాలి. లేదన్నా సరే రాసుకోండి, ఈ కేసులో "లేదు" అన్న మాటకి కూడా మార్కులుంటాయి.

కొంతమంది చెప్తారు, "కారేటప్పుడే బాగా వినబడుద్దండి, ఎండితే వినబడదు". అలా అంటే నవ్వకండి, అది కరెక్టే. చిల్లు పెద్దగా ఉన్నప్పుడు సౌండు లోపలి చెవికున్న రెండు కిటికీలకీ, ఓవల్ విండోకీ రౌండ్ విండోకీ, ఒకేసారి తగిలి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, చీము రౌండ్ విండోకి అడ్డంగా ఉంటే ఆ తేడా నిలబడుతుంది కాబట్టి వినికిడి మెరుగవుతుంది. రౌండ్ విండో షీల్డింగ్ అంటారు.

అలవాట్ల గురించి మన ఏరియాలో స్పెషల్‌గా అడగాల్సినవి ఉన్నాయి. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు వదిలాక పిల్లలు రోజూ ఈత, దాని మీద వాన, తేమ. చెవిలో ఏం పోశారో అడగండి, వెల్లుల్లి వేసి కాచిన నూనె, కొబ్బరి నూనె, ఎవరో చెప్పిన పసరు ఏదైనా. ఏం పెట్టి తిప్పుకుంటారో కూడా, బడ్స్, పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక. గుబిలి దానంతటదే బయటికొచ్చేదే, దాన్ని లోపలికి తోసేది మనమే.

లైటు, కూర్చునే పద్ధతి

హెడ్ మిర్రర్ ఇస్తే భయపడకండి. అది పుటాకార అద్దం, ఫోకల్ లెంత్ సుమారు 25 సెంటీమీటర్లు, కాబట్టి పేషెంట్ చెవి మీ కంటికి దాదాపు అంత దూరంలో ఉంటేనే వెలుగు చుక్కగా పడుతుంది. అద్దం చిల్లులోంచి ఒక కన్ను, పక్కనుంచి రెండో కన్ను, రెండూ తెరిచి ఉండాలి. బుల్స్ ఐ లాంప్ (అద్దం మీదకి వెలుగు వేసే దీపం) పేషెంట్ ఎడమ భుజం దగ్గర కొంచెం వెనగ్గా పెట్టుకోండి. ఇప్పుడు చాలాచోట్ల ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు వచ్చేశాయి గానీ ఎగ్జామ్ రోజు ఏది చేతికొస్తుందో తెలీదు కాబట్టి రెండూ అలవాటు చేసుకోండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలన్నదే అసలు పాయింట్, ఓ చేత్తో సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని చెవి చూస్తే ఏమీ కనబడదు.

బాగున్న చెవి ముందు చూడండి. నార్మల్ ఎలా ఉంటుందో ఆ పేషెంట్‌లోనే తెలుస్తుంది, పైగా పరికరాల మీంచి చీము అటు చెవి నుంచి ఇటు చెవికి పోదు.

చెవి బయట

చెవి వెనక చూడటం మర్చిపోతారు అందరూ. పాత ఆపరేషన్ మచ్చ ఉందా, వాపు ఉందా, చెవి ముందుకి, కిందకి తోసినట్టుందా. చెవి వెనక ఎముక మాస్టాయిడ్ మీద మూడు చోట్ల నొక్కాలి, కాంకా పైభాగం దగ్గర ఆంట్రమ్ మీద, మాస్టాయిడ్ చివర, ఎమిసరీ వెయిన్ వచ్చే వెనక అంచు మీద. నొక్కేటప్పుడు చెవి వైపు కాదు, పేషెంట్ మొహం వైపు చూడండి, నొప్పి మొహంలో ముందు కనబడుతుంది.

ట్రాగస్ (కాలవ ముందున్న చిన్న బుడిపె) నొక్కితే, చెవి లాగితే ఎగిరిపడ్డాడంటే అది బయటి చెవి జబ్బు, చాలాసార్లు సెగ్గడ్డ. ఆ గడ్డ కాలవ బయటి భాగంలోనే వస్తుంది, ఎందుకంటే వెంట్రుకల కుదుళ్ళు ఉండేది అక్కడే. కాలవ మొత్తం సుమారు 24 మిల్లీమీటర్లు, బయటి 8 కార్టిలేజ్, లోపలి 16 ఎముక. చర్మం కింద ఖాళీయే లేదు, అందుకే చిన్న గడ్డకే ప్రాణం పోయేంత నొప్పి.

కాలవ వంకరగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకి చెవిని పైకి, వెనక్కి, బయటికి లాగాలి. చంటిపిల్లలకి ఎముక భాగం ఇంకా తయారవలేదు, కాబట్టి కిందకి, వెనక్కి. స్పెక్యులమ్ కార్టిలేజ్ భాగం దాటకూడదు, ఎముక భాగానికి తగిలితే పేషెంట్ ఇంక మిమ్మల్ని దగ్గరికి రానివ్వడు. మధ్యలో ఠక్కున దగ్గొస్తే కంగారు పడకండి, వేగస్ బ్రాంచి, ఆర్నాల్డ్ నర్వ్ అంటారు, అది కాలవలో కూడా ఉంటుంది.

కర్ణభేరి: ఇక్కడే టైమ్ పెట్టాలి

చీము అడ్డంగా ఉంటే ముందు తుడవాలి. జాబ్‌సన్ హార్న్ ప్రోబ్‌కి కాటన్ చుట్టి నెమ్మదిగా తుడవండి, లేదా సక్షన్. చిల్లు ఉందని అనుమానం ఉన్నా సరే నీళ్ళు కొట్టొద్దు. నీళ్ళు కొట్టడం అంటే గుర్తొచ్చింది, గుబిలికి సిరంజింగ్ చేసినా నీళ్ళు ఒంటి వేడికి సరిపోవాలి, చల్లవైనా మరీ వేడివైనా కళ్ళు తిరుగుతాయి. ఇదే గమనించి రాబర్ట్ బరానీ చెవిలో నీళ్ళు పోసి బ్యాలెన్స్ చూసే కేలరిక్ టెస్ట్‌ని తయారుచేశాడు, 1914 నోబెల్ ఆయనకే, ఆ వార్త వచ్చేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. టెస్టులో వాడే నీళ్ళు 30, 44 డిగ్రీలు, అంటే 37కి అటూ ఇటూ 7.

నార్మల్ కర్ణభేరి ముత్యం తెలుపులో కొంచెం బూడిద రంగు, మ్యాలియస్ హ్యాండిల్, దాని చివర అంబో, అక్కడ్నించి ముందుకి, కిందకి కోన్ ఆఫ్ లైట్. కుడి చెవిలో 5 గంటల దగ్గర, ఎడమ చెవిలో 7 గంటల దగ్గర. కింద పెద్ద భాగం పార్స్ టెన్సా, పైన చిన్న భాగం పార్స్ ఫ్లాసిడా. చిల్లు ఎక్కడుందన్న దాని మీదే మీ డయాగ్నసిస్ నిలబడుతుంది.

పార్స్ టెన్సాలో ఉండి, చిల్లు చుట్టూ ఎంత సన్నగానైనా అంచు మిగిలుంటే అది సెంట్రల్ పెర్ఫరేషన్, చిల్లు మధ్యలోనే ఉండాలని కాదు, ఇది చాలామందికి కన్ఫ్యూజన్. యాన్యులస్ దాకా తినేసి అంచే లేకపోతే మార్జినల్. పార్స్ ఫ్లాసిడాలో ఉంటే అటిక్ పెర్ఫరేషన్. సెంట్రల్ అయితే ఎక్కువగా మ్యూకోసల్ రకం. అటిక్ గానీ, వెనక పైన మార్జినల్ గానీ ఉంటే తెల్లటి పొరలు పొరలుగా ఉన్న పదార్థం కోసం వెతకండి, అదే కొలెస్టియటోమా, మధ్య చెవిలో ఉండకూడని కెరటినైజింగ్ చర్మం. పేరు చివర "ఓమా" ఉన్నా అది ట్యూమర్ కాదు, అందులో కొలెస్టరాల్ క్రిస్టల్స్ ఉండాలనీ లేదు.

అటిక్ మీద ఎండిన చెక్కు లాంటి క్రస్ట్ కనిపిస్తే గుబిలి అనుకుని వదిలేయొద్దు, అది తీయించి మైక్రోస్కోప్ కింద చూసేదాకా కర్ణభేరి నార్మల్ అని రాయకండి. దాని కిందే అన్‌సేఫ్ చెవి దాక్కుని ఉంటుంది.

చిల్లు పెద్దదైతే లోపల ప్రోమాంటరీ, రౌండ్ విండో నిచ్, ఇంకస్ చివరా కనబడొచ్చు. మ్యూకోసా లేతగా ఉందా, ఎర్రగా ఉబ్బిందా, పాలిప్ ఉందా రాసుకోండి. పాలిప్‌ని ఎట్టి పరిస్థితుల్లో లాగొద్దు, దాని మొదలు ఫేషియల్ నర్వ్ మీదో స్టేపిస్ మీదో ఉండొచ్చు. చిల్లులు ఒకటికంటే ఎక్కువ ఉండి, నొప్పి లేకుండా కారుతూ, వినికిడి కనిపించేదానికంటే బాగా ఎక్కువ పోయుంటే టీబీ గురించి ఆలోచించండి.

చిల్లు లేకుండా కాలవ నిండా తడిసిన న్యూస్‌పేపరులా తెలుపు, మధ్యలో నల్ల చుక్కలు ఉంటే ఓటోమైకోసిస్, నల్లటిది ఆస్పర్‌జిల్లస్ నైగర్. మన తేమకి, చెవిలో నూనెకి ఇది బాగా దొరుకుతుంది. మొత్తం శుభ్రం చేసి క్లోట్రిమజోల్ చుక్కలు, చెవి పొడిగా ఉంచడం. శుభ్రం చేయకుండా చుక్కలు రాస్తే వారానికి మళ్ళీ మీ దగ్గరికే వస్తారు.

కోతల టైమ్‌లో వడ్లగింజ పడిందని వస్తారు, దానికి నీళ్ళు కొట్టొద్దు, ఉబ్బుతుంది. పురుగైతే ముందు నూనె గానీ లిగ్నోకెయిన్ గానీ పోసి చంపి తర్వాత తీయండి. బటన్ బ్యాటరీ అయితే అప్పటికప్పుడు తీయాల్సిందే, చుక్కలేం వేయకుండా.

ట్యూనింగ్ ఫోర్క్

512 హెర్ట్జ్ తీసుకోండి. తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే పేషెంట్ అదురుని సౌండు అనుకుంటాడు, ఎక్కువదైతే తొందరగా ఆగిపోతుంది. బల్లకేసి కొట్టకండి, మోచేతి మీద కొట్టండి.

రిన్నేకి మాస్టాయిడ్ మీద ఆనించి, వినబడటం ఆగగానే చెయ్యెత్తమని చెప్పి, వెంటనే చెవి ముందు 2 సెంటీమీటర్ల దూరంలో, ఫోర్కు రెండు కొమ్ములూ కాలవకి లైన్లో ఉండేలా పట్టుకోండి. ఇంకా వినబడితే పాజిటివ్, అంటే నార్మల్ లేదా సెన్సరీన్యూరల్ (లోపలి చెవి లేదా నర్వు లోపం). వినబడకపోతే నెగటివ్, కండక్టివ్ (సౌండు లోపలి చెవికి చేరడంలో లోపం). వెబర్ నుదుటి మధ్యలో, కండక్టివ్‌లో జబ్బు చెవికి, సెన్సరీన్యూరల్‌లో మంచి చెవికి వెళ్తుంది. మూడోది ఏబీసీ (అబ్సల్యూట్ బోన్ కండక్షన్), పేషెంట్ ఎముక ద్వారా వినేదాన్ని మీదాంతో పోల్చడం, మీ వినికిడి నార్మల్ అన్న ధైర్యంతో చేసేది.

ఒక చెవి పూర్తిగా చచ్చిపోయినప్పుడు ఎముక ద్వారా సౌండు అవతలి చెవికి పోయి రిన్నే నెగటివ్ అనిపిస్తుంది. అప్పుడు వెబర్ చూడండి, మంచి చెవికి పోతే అది ఫాల్స్ నెగటివ్, మంచి చెవిని బరానీ నాయిస్ బాక్స్‌తో మాస్క్ చేసి మళ్ళీ చేయండి. రిన్నే, వెబర్ ఒకే కథ చెప్పకపోతే కేసు షీటు మీద పెన్ను పెట్టొద్దు.

లెక్కలు కొన్ని నోటికి ఉండాలి. కర్ణభేరికీ స్టేపిస్ ఫుట్‌ప్లేట్‌కీ పనిచేసే వైశాల్యం నిష్పత్తి 14:1, ఎముకల లీవర్ 1.3:1, కలిపి సుమారు 18 రెట్లు. ఎముకల గొలుసు తెగి కర్ణభేరి బాగుంటే 54 డెసిబెల్స్ పోతాయి, తెగి చిల్లు కూడా ఉంటే 38. చిల్లు ఉంటేనే నయమా అని అడిగితే అవును, ఇక్కడ మాత్రం అంతే. ఇంకో తిరకాసు, కొలెస్టియటోమానే తెగిన ఎముకల మధ్య వంతెనగా ఉండి వినికిడి బాగానే చూపించొచ్చు, కాబట్టి బాగా వినబడుతుంది అంటే సేఫ్ అనుకోకండి.

చెవి దగ్గరే ఆగిపోకండి

యూస్టేషియన్ ట్యూబ్ అంటే పంటకాలవకీ చేనుకీ మధ్య ఉండే తూము, ముక్కు వెనకున్నది చెవిలోకి ఎక్కేది దీంట్లోంచే. పెద్దవాళ్ళలో 36 మిల్లీమీటర్లు, ఏటవాలుగా ఉంటుంది, పిల్లల్లో పొట్టిగా, వెడల్పుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, అందుకే పడిశం పట్టిన పిల్లాడికి చెవిపోటు. కాబట్టి చెవి కేసులో ముక్కు, గొంతు చూడకపోతే కేసు సగమే చూసినట్టు.

థుడికమ్ స్పెక్యులమ్‌తో ముక్కు చూడండి, గోడ వంకర, టర్బినేట్లు, పాలిప్స్, చీము. కోల్డ్ స్పాచులా కింద పెట్టి ఆవిరి రెండు వైపులా సమానంగా పడుతుందా చూడండి. ముక్కులో ఎర్రగా, పైన తెల్ల చుక్కలతో, ముట్టుకుంటే రక్తం కారే కండ కనబడితే చెరువు స్నానం గురించి అడగండి, పశువులు దిగే చెరువైతే మరీ, రైనోస్పోరిడియోసిస్ కావచ్చు. దక్షిణ భారతం, శ్రీలంకల్లో ఎక్కువగా చూసే జబ్బు, వైద్యం కోసి మొదలు కాటరీ చేయడమే.

పిల్లలైతే నోరు తెరుచుకుని నిద్రపోతారా, గురక ఉందా అడగండి, అడినాయిడ్స్. పెద్దవాళ్ళలో ఒకే వైపు చెవిలో నీరు చేరితే అది నేసోఫారింక్స్ (ముక్కు వెనక గొంతు పైభాగం) క్యాన్సర్ కాదని తేలేదాకా వదలొద్దు, మెడలో గడ్డలు తడిమి చూడండి. చుట్ట కాల్చే పెద్దాయన చెవి నొప్పి అని వచ్చి, చెవి శుభ్రంగా ఉంటే గొంతు చూడాల్సిందే. నాలుక మొదలు, పైరిఫామ్ ఫోసా దగ్గర క్యాన్సర్ నొప్పి తొమ్మిది, పది నర్వుల మీదుగా చెవికి వస్తుంది. "చెవి బాగానే ఉంది తాతగారూ" అని చుక్కలు రాసి పంపేస్తే నెలలు పోతాయి.

కాంప్లికేషన్లు ఉన్నాయా

ప్రతి చీము చెవి కేసులోనూ నుదురు ముడవమని, కళ్ళు గట్టిగా మూయమని, పళ్ళు చూపించమని చెప్పండి. ఫేషియల్ నర్వ్ మధ్య చెవిలో ఓవల్ విండో పైనుంచే వెళ్తుంది, కొందరిలో అక్కడ ఎముక కవరే ఉండదు. కళ్ళు తిరుగుతున్నాయి అంటే ట్రాగస్ నొక్కి గానీ సీగల్ స్పెక్యులమ్‌తో గానీ ఫిస్చులా టెస్ట్ చేసి కళ్ళ కదలిక చూడండి, ఎక్కువగా తినేది లాటరల్ సెమీసర్క్యులర్ కెనాల్‌ని.

చెవి కారడంతో పాటు కంటి వెనక నొప్పి, ఆరో నర్వు దెబ్బతిని రెండుగా కనబడటం, ఈ మూడూ కలిస్తే గ్రాడెనిగో సిండ్రోమ్. చలి జ్వరం రోజూ ఎక్కి దిగుతుంటే మన దగ్గర ముందు మలేరియా స్మియర్ రాస్తాం, రాయండి, కానీ చెవి కారుతున్నవాళ్ళలో లాటరల్ సైనస్ థ్రాంబోసిస్ (మెదడు పక్క సిరలో రక్తం గడ్డకట్టడం) కూడా అలాగే వస్తుందని గుర్తుంచుకోండి. వాంతులు, మత్తు, మెడ బిగుసుకోవడం, ఇన్నాళ్ళూ కారిన చెవి సడన్‌గా ఆగి తలనొప్పి మొదలవడం, వీటిలో ఏది కనబడినా స్టూడెంట్‌గా మీ పని పరిగెత్తి పీజీని పిలవడమే. బ్రెయిన్ ఆబ్సెస్ చెవి నుంచి వస్తే టెంపోరల్ లోబ్‌లో గానీ సెరెబెల్లమ్‌లో గానీ ఉంటుంది.

డయాగ్నసిస్ చెప్పడం, ట్రీట్‌మెంట్

"సీఎస్ఓఎమ్ (క్రానిక్ సప్యురేటివ్ ఓటైటిస్ మీడియా, అంటే చీము చెవి) సార్" అని ఆపేయకండి. ఏ చెవి, ఏ రకం, ఇప్పుడు కారుతుందా ఎండిందా, వినికిడి ఏ రకంగా ఎంత పోయింది, కాంప్లికేషన్ ఉందా, ముక్కులో గొంతులో కారణం ఏదైనా ఉందా, అన్నీ ఒకే వాక్యంలో రావాలి. ఉదాహరణకి, "కుడి చెవి క్రానిక్ ఓటైటిస్ మీడియా, మ్యూకోసల్ రకం, ఆక్టివ్, మోడరేట్ కండక్టివ్ లాస్‌తో, కాంప్లికేషన్లు లేవు, ముక్కు గోడ కుడికి వంకర ఉంది". తర్వాత ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ, మైక్రోస్కోప్ కింద చూడటం, అవసరాన్నిబట్టి కల్చర్. కొలెస్టియటోమా అనుమానం ఉంటే హెచ్‌ఆర్‌సీటీ టెంపోరల్ బోన్.

కల్చర్‌లో సూడోమోనాస్, స్టాఫ్ ఆరియస్, ప్రోటియస్ ఎక్కువగా వస్తాయి. మ్యూకోసల్ రకానికి చెవి శుభ్రం చేయడం, సిప్రోఫ్లాక్ససిన్ లాంటి క్వినోలోన్ చుక్కలు, నీళ్ళు పోకుండా చూసుకోవడం. చిల్లున్న చెవిలో జెంటామైసిన్ రకం చుక్కలు లోపలి చెవికి ప్రమాదం, అందుకే క్వినోలోన్ ముందు. శుభ్రం చేయని చెవిలో ఎంత ఖరీదైన చుక్క వేసినా చీము మీద తేలుతుంది. ఎండాక, వినికిడి టెస్టులు చూసుకుని టెంపోరాలిస్ ఫేషియాతో (కణత కండరం మీది పొర) కర్ణభేరి చిల్లు మూసే మైరింగోప్లాస్టీ. స్క్వామోసల్ రకానికి చుక్కలతో కాలక్షేపం పనికిరాదు, మాస్టాయిడ్ ఎముకని తొలిచి జబ్బు తీసేసే మాస్టాయిడెక్టమీ. అక్కడ మొదటి లక్ష్యం చెవిని సేఫ్ చేయడం, వినికిడి ఆ తర్వాత, ఈ ఆర్డరు పేషెంట్‌కి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి, లేకపోతే "ఆపరేషన్ చేయించుకున్నా వినబడట్లేదండి" అని గొడవ.

పంపేటప్పుడు చేసి చూపించాల్సింది ఒకటుంది. స్నానానికి ముందు దూదికి వాజిలీన్ రాసి చెవిలో పెట్టుకోవడం ఎలాగో అక్కడే చేసి చూపించండి, నోటితో చెప్తే సగం మంది పొడి దూది పెట్టుకుంటారు, అది నీళ్ళు పీల్చి లోపలికే ఇస్తుంది. చుక్కలు వేశాక ట్రాగస్‌ని కొన్నిసార్లు నొక్కి వదలాలి, మందు చిల్లు దాటి లోపలికి పోవడానికి. చెవి ఎండేదాకా కాలవలో ఈత బంద్, ఈ మాట పిల్లాడికి కాదు, వాళ్ళ అమ్మకి చెప్పండి.